మూడో పాదంలో తప్పు

దోహా, ఐన్ ఖాలిద్
9 నవంబరు 2024

తమ్ముడు సాలమన్‌కి,

నువ్వు కులాసాగా ఉన్నావని నీ వాట్సాప్ స్టేటస్ రోజూ చెబుతూనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న అడగను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. మనిద్దరం ఫోన్‌లో మాట్లాడితే రెండో నిమిషానికి గొంతులు లేస్తాయి, మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. పైగా షూటింగు దగ్గర మీ ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకుంటారట. నేను పదిహేడేళ్ళుగా డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఎవరు ఎవరికి ఏం రాశారో తేదీ వేసి ఫైల్లో పెట్టడమే నా ఉద్యోగం. మా కంపెనీలో కాగితం మీద లేని మాట అనని మాట కింద లెక్క. ఇకనుంచి మనింట్లో కూడా అంతే. చేత్తో రాయి, ఫోటో తీసి పంపు. నేనూ అదే చేస్తాను.

విషయం ఏమిటంటే, మన ప్రవల్లికకి పెళ్ళి కుదిరింది. కాకినాడ వాళ్ళు, అబ్బాయి ఇక్కడే ఇంజనీరు. పిల్లా పిల్లాడూ ఒకళ్ళనొకళ్ళు ముందే చూసుకుని ఉన్నారని నాకు ఆలస్యంగా తెలిసింది, మీ బావకి ఇంకా తెలియదు. ఫిబ్రవరి ఏడు, శుక్రవారం ఉదయం, ఇక్కడి చర్చిలోనే. మన ఆరాధన కూడా ఇక్కడ శుక్రవారమే కదా, జనం ఎలాగూ వస్తారు.

నీ పని ఏమిటో నీకు తెలుసు. మనింటి ఆడపిల్ల గుమ్మం దాటి పాస్టరుగారి ముందుకు నడిచేటప్పుడు ఇంటి మగవాడు క్లారినెట్ వాయించాలి. నాన్న కట్టిన నడక పాట, నాలుగు పాదాలు. మేనత్తలకి, నాకు నాన్నే వాయించాడు. ఇప్పుడు నాన్న లేడు, పిల్లకి మేనమామవి నువ్వున్నావు.

ఒక్క షరతు. పాపారావు వేషాలు వద్దు. 'పై వాటా' అనే ఆ కామెడీ సీరియల్లో మేడ మీద అద్దెకుండే పాపారావువై, పొద్దున్నే క్లారినెట్ తప్పుగా వాయించి కింది వాటా వాళ్ళని నిద్ర లేపుతావని లోకమంతా చెబుతోంది. నేను ఒక్క ఎపిసోడు కూడా చూడలేదు, చూసే ఉద్దేశమూ లేదు. ఆ క్లారినెట్ నాన్నది. అంతకుమించి రాయను, శుభకార్యం మాట్లాడుకుంటున్నాం.

అక్క
దేవకుమారి

*

హైదరాబాదు, మేకప్ గది
14 నవంబరు

అక్కా,

సగం మీసం అతికించి మేకప్ మాస్టారు టీకి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపు ఈ ఉత్తరం అయిపోవాలి, కాబట్టి అక్షరాలు చూసి తిట్టకు.

ప్రవల్లిక పెళ్ళి! నిన్న మొన్న ఆ పిల్ల నా భుజమ్మీద కూర్చుని నా జుట్టు పట్టుకుని తోలేది. ఆ జుట్టు ఇప్పుడు లేదు, దానికి కారణం అదే అని చెప్పు. బావగారికి నా నమస్కారాలు. ఎడ్విన్ బావ పెళ్ళిలో ఏడుస్తాడని నాకు గట్టి నమ్మకం. నువ్వు ఏడవవని అంతకంటే గట్టి నమ్మకం.

ఇక్కడ అంతా మామూలే. తొమ్మిదేళ్ళయింది, వారానికి మూడు ఎపిసోడ్లు, పాపారావు ఇంకా అదే లుంగీలో ఉన్నాడు. మొన్న రైతుబజార్లో ఒక పెద్దావిడ వంకాయలు ఏరుకుంటూ నన్ను చూసి, పొద్దున్నే ఆ బూర ఊది పాపం కిందవాళ్ళ పసిపిల్లని లేపుతావేమిటయ్యా, నీకు సంసారం లేదా అని నిలదీసింది. అది సీరియలమ్మా అంటే, సీరియలైతే మాత్రం పిల్ల పిల్ల కాదా అంది. మంచి వంకాయలు మాత్రం ఆవిడే ఏరిపెట్టింది.

ఒక చిన్న చిక్కు. ఫిబ్రవరి మొదటి వారంలో మా పధ్నాలుగువందలవ ఎపిసోడు. ఛానల్ వాళ్ళు పండగలా చేస్తారట. నేను లేకపోతే ఎలా కుదురుతుందో చూడాలి. ఒకవేళ కుదరకపోతే, అక్కడ మీ చర్చిలో కీబోర్డు వాయించేవాళ్ళు ఉంటారుగా. ఈ రోజుల్లో అదే హుందాగా ఉంటుంది. లేదంటే ఇక్కడ స్టూడియోలో రికార్డు చేసి పంపిస్తాను, స్పీకర్లలో వేసుకోండి. ఆలోచించు.

మాస్టారు వచ్చేశాడు. మిగతా సగం మీసం అతికాక మాట్లాడలేను.

సాలమన్

*

దోహా
18 నవంబరు

శ్రీ సాలమన్ గారి సముఖమునకు,

తమరి ఉత్తరం అందింది. 'స్వీకరించడమైనది' అని ముద్ర కూడా వేశాను.

స్పీకర్లలో వేసుకోవాలా అండీ? కన్నబిడ్డ పెళ్ళికి మేనమామని పెన్‌డ్రైవ్‌లో పిలవాలా? తమరికి ఒక సంగతి గుర్తు చేస్తాను. తమరు హైదరాబాదు వెళ్ళింది రికార్డింగుల్లో వాయించడానికి. కీబోర్డులు వచ్చి ఆ పని పోయాక, ఏదో సీరియల్లో దగ్గరగా చూపించడానికి క్లారినెట్ పట్టుకున్న చేతులు కావాలంటే వెళ్ళారు. చేతులు మాత్రమే. ఆ వేషం కట్టాల్సిన నటుడు ఆరోజు రాకపోతే డైరెక్టరు శ్రీరామమూర్తిగారు ఆ లుంగీ తమరికి కట్టించి నిలబెట్టారు. చేతులకోసం పిలిస్తే వెళ్ళినవాళ్ళు మొహం కూడా పెట్టేసరికి అక్క కనపడటం మానేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తమరు రచ్చతో సరిపెట్టుకున్నారు.

తమరి కీర్తి ఇక్కడికీ వచ్చింది. మా సైట్లో స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ రాజన్న, జగిత్యాల పక్క మనిషి. ఇండస్ట్రియల్ ఏరియాలో కంపెనీ క్యాంపులో ఉంటాడు. డ్రాయింగులు తీసుకెళ్ళడానికి ఆఫీసుకి వచ్చి, నా బల్ల మీద మన ఫోటో చూశాడు. పాపారావు మీ తమ్ముడా మేడం అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పదిహేడేళ్ళ సర్వీసులో నాకోసం ఎవరూ లేవలేదు. క్యాంపులో ముప్పైమంది ప్రతి శుక్రవారం మెస్‌లో కూర్చుని ఆ వారం సీరియలంతా ఒకేసారి చూస్తారట. ఊళ్ళో వాళ్ళావిడ ఎల్లవ్వకి అప్పుడే ఫోన్ చేసి చెప్పాడు. "దుబాయ్ల పాపారావు అక్క ఉన్నదట" అని ఆవిడ వీధంతా చెప్పుకుంటోందట. ఇది ఖతర్ అని ఆవిడకి ఎవరు చెబుతారు?

నాకు మాత్రం సంతోషం లేదు. నాన్న క్లారినెట్‌ని తొమ్మిదేళ్ళుగా నవ్వులపాలు చేశావు, ఇప్పుడు దాన్ని ఒక్క రోజు మర్యాదగా వాయించమంటే తీరిక లేదు. ఇక్కడ హోటల్లో సాక్సోఫోన్ వాయించే ఫిలిప్పీన్స్ ఆయన ఉన్నాడు. అడుగుతాను. నీ ఎపిసోడు పండగ నువ్వు చేసుకో.

దేవకుమారి

*

హైదరాబాదు
27 నవంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు సిగ్గేసింది. ఈ తొమ్మిది రోజుల ఆలస్యంలో మిగతా ఆరు రోజులు ధైర్యం కూడగట్టుకోవడానికి పట్టాయి.

ఎపిసోడు పండగ వంక మాత్రమే. శ్రీరామమూర్తిగారిని అడిగితే సెలవు ఇస్తారు. నేనే అడగలేదు.

నాకు ఆ పాట ఇప్పుడు రావడం లేదక్కా.

సెప్టెంబరులో మా వీధి చర్చిలో కోతపండగ జరిగింది. ఏదైనా వాయించమన్నారు. నాన్న నడక పాట ఎత్తుకున్నాను. మొదటి రెండు పాదాలూ బాగా వచ్చాయి. మూడో పాదంలో పై షడ్జం ఉంది కదా, దాన్ని అందుకోవాల్సిన చోట వేలు జారి పాపారావు అపస్వరం పడింది. నేను వేయలేదు, దానంతటదే పడింది. జనం విరగబడి నవ్వి చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను, ఇంకేం చేయను? ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఇరవైసార్లు వాయించాను. ఇరవైసార్లూ అక్కడే పడింది.

తొమ్మిదేళ్ళపాటు రోజూ జీతం తీసుకుని ఒకే చోట తప్పు వాయించాను. ఇప్పుడు వేలుకి అదే ఒప్పు. సీరియల్ మొదలైన కొత్తలో సరదాకి స్తుతిపాటలు వాయించి ఒక ఆల్బం కూడా చేశాను, గుర్తుందా. మొన్న అది పెట్టుకుని విన్నాను. ఎవరో వేరే మనిషి వాయించినట్టుంది, మంచి వాయిద్యగాడు.

ప్రవల్లిక తెల్ల చీరలో నడుస్తుంటే మూడో పాదం దగ్గర చర్చి మొత్తం గొల్లుమంటే ఆ పిల్ల ఏమైపోతుంది? నువ్వేమైపోతావు? అందుకని కీబోర్డు అన్నాను. ఫిలిప్పీన్స్ ఆయన్నే పిలువు. పాట స్వరాలు రాసి పంపిస్తాను. నేను వస్తాను, వెనక బల్ల మీద కూర్చుంటాను.

నాన్న నాకు ఇల్లు ఇవ్వలేదు, పొలం ఇవ్వలేదు. ఒక్క పాట ఇచ్చాడు, దాన్ని పోగొట్టుకున్నాను.

సాలమన్

*

దోహా
3 డిసెంబరు

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. నేను రాసిన 18వ తేదీ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. ఫైల్లోంచి తీయడం కుదరదు, అది పద్ధతి కాదు, కానీ దాని మీద ఎర్ర సిరాతో 'రద్దు' అని రాశాను.

ప్రవల్లికకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ పెళ్ళికూతురు అది. మామయ్య వాయిస్తేనే నడుస్తాను, లేకపోతే ఏ పాటా లేకుండా నడుస్తాను, చెప్పుల చప్పుడు వినండి అంది. దాని మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో తెలియడం లేదని మీ బావ అంటున్నాడు. నన్ను చూస్తూ అంటున్నాడు.

నాకు సంగీతం గురించి ఏం తెలుసు, కాగితాల గురించి తెలుసు. అందుకని రాజన్నని అడిగాను. ఆయన ఊళ్ళో డప్పు కొట్టేవాడట, చిన్నప్పటినుంచీ. నీ గురించి అంతా చెప్పలేదు. మా తమ్ముడికి నిజంగా వాయించడం వచ్చంటావా, రాదంటావా అని మాత్రం అడిగాను. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి చెప్పాడు. ఆయన మాటలే రాస్తున్నాను.

"రానోడు దినానికో తాన తప్పుతడు మేడం. మీ తమ్ముడు తొమ్మిదేండ్లసంది ఒక్క తాన్నే తప్పుతుండు. తాళం మాత్రం ఎన్నడు తప్పలే. గంత మంచిగ తప్పాల్నంటే గంత మంచిగ రావాలె."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు మిగతాది కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. స్కాఫోల్డింగ్ మీద కొత్తవాళ్ళకి చెప్పే మాట ఒకటి చెప్పాడు, ఎక్కిన తోవనే దిగాలట, మధ్యలో దూకకూడదట. తప్పు వాయించి అక్కడే ఆపి పెట్టె మూసేస్తున్నాడేమో, తప్పు స్వరంనుంచి మెల్లగా ఒప్పు స్వరానికి నడిచి వచ్చి అప్పుడు మూయమనండి, రోజూ చేయమనండి అన్నాడు.

కాబట్టి నీకు ఇది నా ఆర్డరు. షాట్ అయ్యాక ప్రతిసారీ తప్పుమీదనుంచి ఒప్పుమీదకి రా, ఆ తర్వాతే పెట్టె మూయి. ఇంకా రెండు నెలలు ఉంది. ఫిలిప్పీన్స్ ఆయనతో మాట్లాడలేదు, మాట్లాడను.

అక్క

*

హైదరాబాదు
20 డిసెంబరు

అక్కయ్యకి,

రాజన్నగారికి నా దండాలు చెప్పు. తొమ్మిదేళ్ళలో నాకు రెండు అవార్డులు వచ్చాయి, ఒక దాని మీద పేరు కూడా తప్పు పడింది. ఆయన అన్న మాటతో పోలిస్తే అవి దేనికీ పనికిరావు. తప్పులో వాయిద్యగాణ్ణి చూసిన మనిషి జగిత్యాలనుంచి ఖతర్ వెళ్ళి స్కాఫోల్డింగ్ కడుతున్నాడన్నమాట.

ఆయన చెప్పినట్టే చేస్తున్నాను. షాట్ అవగానే తప్పు స్వరం పట్టుకుని, దాన్నుంచి పైకి మెల్లగా జరిపి, ఒప్పుమీద నిలబెట్టి, అప్పుడు పెట్టెలో పెడుతున్నాను. మొదటి వారం పదికి పదీ తప్పే. ఇప్పుడు పదికి నాలుగు వస్తున్నాయి. మా సౌండ్ రికార్డిస్టు అద్నాన్ నిన్న సరిగ్గా వచ్చింది విని, హెడ్‌ఫోన్ తీసేసి, "సార్, ఏదో తేడాగా ఉంది, ఇంకోసారి వాయించండి" అన్నాడు. అంత నవ్వు నేను ఈమధ్య నవ్వలేదు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. నిజంగానే నువ్వు ఒక్క ఎపిసోడు కూడా చూడలేదా? నువ్వు ఊరికే అంటున్నావనుకున్నాను ఇన్నేళ్ళూ. చూసి, కోపం వచ్చి, చూడలేదని అంటున్నావనుకున్నాను. ఎందుకంటే ఆ తప్పు నాది కాదక్కా, నాన్నది.

నీకు తొమ్మిదేళ్ళు, నాకు ఐదు. పాలకొల్లులో మనం బడి వెనక ఇంట్లో ఉన్నప్పుడు. నీకు గవదబిళ్ళలు వచ్చి రెండు చెంపలూ బూరెల్లా ఉబ్బాయి. అన్నం తిననన్నావు, ఎవరినీ మొహం చూడనివ్వలేదు. నాన్న బ్యాండు డ్రస్సులోనే వచ్చి నీ మంచం పక్కన నిలబడి నడక పాట ఎత్తుకున్నాడు. మూడో పాదంలో పై స్వరం అందుకోబోయి, దూడ అరిచినట్టు జార్చేశాడు. చాలా గంభీరంగా మొహం పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే జార్చాడు. నువ్వు నవ్వావు. చెంపలు నొప్పి పుట్టి ఏడుస్తూ నవ్వావు. తర్వాత పప్పన్నం తిన్నావు. బ్యాండులో ఆయన జీవితంలో ఒక్క అపస్వరం వేసి ఎరగడు, నీ దగ్గర తప్ప.

మొదటి రోజు శ్రీరామమూర్తిగారు, ఏదైనా ఘోరంగా వాయించవయ్యా అన్నారు. నాకు ఘోరంగా వాయించడం రాదు. తెలిసిన తప్పు అదొక్కటే, అదే వేశాను. ఆ ఎపిసోడు వచ్చిన రోజు నువ్వు చూస్తావు, నవ్వుతావు, ఫోన్ చేసి, ఒరేయ్ నాన్నది కాజేశావుగా అంటావు అనుకున్నాను. నీ ఫోన్ రాలేదు. తర్వాత వారం కూడా వేశాను. అలా తొమ్మిదేళ్ళు వేశాను.

సాలమన్

*

దోహా
5 జనవరి 2025

సాలమన్,

శుక్రవారం ఆరాధననుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్నాను. ఎక్కడ నొక్కాలో ప్రవల్లిక చూపించింది. మొదటి ఎపిసోడు.

నువ్వు లుంగీలో మేడమీదకి వచ్చావు. నాన్న క్లారినెట్ తీశావు. అప్పటికే నాకు కోపం మొదలైంది. మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదంలో ఆ స్వరం జారగానే నా చెయ్యి నా చెంపమీదకి వెళ్ళింది. గవదబిళ్ళలు తగ్గి నలభై ఏళ్ళు దాటింది.

ఎడ్విన్ పరిగెత్తుకొచ్చాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆయనకి తెలియలేదు, నాకూ తెలియలేదు. సాయంత్రం దాకా పధ్నాలుగు ఎపిసోడ్లు చూశాను. వంట చేయలేదు. మధ్యలో మీ బావ కూడా వచ్చి కూర్చున్నాడు, ముస్తఫా హోటల్నుంచి బిర్యానీ తెప్పించాడు. నీ నటన బావుంది. కింది వాటా ఆవిడతో నీళ్ళ మోటారు గొడవ పడేటప్పుడు అచ్చం మన మేనత్తలా చేతులు తిప్పుతావు.

నువ్వు నాన్నని నవ్వులపాలు చేస్తున్నావని తొమ్మిదేళ్ళు అనుకున్నాను. నాన్న నన్ను నవ్వించడానికి చేసినది నువ్వు కాపాడుతూ వచ్చావు. అది తెలియక నేను నీ ఫోన్ ఎన్నిసార్లు పెట్టేశానో. క్షమించరా. ఇది కాగితం మీద ఉంది కాబట్టి లెక్కలోకి వస్తుంది.

కానీ పెళ్ళిలో మాత్రం సరిగ్గా వాయించు. అది వేరు, ఇది వేరు.

అక్క

*

హైదరాబాదు
24 జనవరి

అక్కా,

నీ ఉత్తరాన్ని మేకప్ అద్దానికి అంటించాను. నీ పేరు కనపడకుండా మడిచాను, కంగారుపడకు.

సెలవు దొరికింది. శ్రీరామమూర్తిగారు ఉదారంగా రెండు వారాలు ఇచ్చి, పండగ ఎపిసోడు నేను తిరిగొచ్చాకే పెట్టుకుందామన్నారు. బదులుగా పాపారావు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు ముందే షూటింగు చేసేశారు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లు దిగే సీను. యూనిట్లో ఇద్దరు ఏడ్చారు, నేను పెట్టె బరువుకి ఏడ్చాను.

పదికి తొమ్మిది వస్తున్నాయి. ఆ ఒక్కటీ ఎప్పుడు జారుతుందో తెలియడం లేదు. పెళ్ళి రోజు జారేది అదే అయితే? పధ్నాలుగువందల ఎపిసోడ్లు కెమెరా ముందు నిలబడినవాణ్ణి, నీ చర్చి అంటే కాళ్ళు వణుకుతున్నాయి.

నాలుగో తేదీ ఉదయం దిగుతాను. క్లారినెట్ చేతి సంచీలోనే తెస్తున్నాను.

సాలమన్

*

దోహా
30 జనవరి

తమ్ముడికి,

ఒక్క పేజీలో ముగిస్తాను, పిండివంటలు పొయ్యిమీద ఉన్నాయి.

నువ్వు ఇల్లు ఖాళీ చేసిన ఎపిసోడు వచ్చింది. క్యాంపువాళ్ళు ఈసారి శుక్రవారం దాకా ఆగలేక అప్పుడే చూసేశారట. మర్నాడు పొద్దున్నే రాజన్న, ఇంకో ముగ్గురు ఆఫీసుకి వచ్చి, చావు పలకరింపులకి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నీ ఉద్యోగం పోయిందనుకున్నారు. నేను నవ్వు ఆపుకుంటుంటే బాధ దిగమింగుతున్నాననుకుని ఇంకా జాలిపడ్డారు. "మేడం, రమ్మనుండ్రి. మా రూంల ఒక మంచం ఖాళీగున్నది, పనికి మేము మాట్లాడుతం" అన్నాడు రాజన్న. సంగతి చెప్పి, పెళ్ళికి మీరూ మీవాళ్ళూ రండి అని పిలిచాను. మీవాళ్ళూ అంటే ఆ ముగ్గురే అని నా ఉద్దేశం. క్యాంపు మొత్తానికి చెప్పినట్టున్నాడు. కంపెనీ బస్సు అడిగాడట. ముస్తఫాకి ఫోన్ చేసి ఇంకో రెండు డేగ్సాల బిర్యానీ చెప్పాను.

కాళ్ళు వణికితే వణకనీ. వేళ్ళు వణక్కుండా చూసుకో.

అక్క

*

దోహా
12 ఫిబ్రవరి

సాలమన్‌కి,

నువ్వు విమానం ఎక్కి రెండు రోజులైంది. ఇంట్లో సగం స్వీట్లు, సగం పూలు, మీ బావ మాత్రం పూర్తిగా ఖాళీగా మిగిలాడు. ప్రవల్లిక రోజూ సాయంత్రం వచ్చి వెళుతోంది, వాళ్ళ ఫ్లాటు పది నిమిషాల దూరం. అయినా ఏదో సముద్రాలు దాటించినట్టు ఆయన గుమ్మంలో నిలబడుతున్నాడు.

పెళ్ళిలో జరిగినది రికార్డుకోసం రాస్తున్నాను. నువ్వు అక్కడే ఉన్నావు కానీ వాయిస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నావు.

నువ్వు క్లారినెట్ పైకెత్తగానే వెనక బల్లల్లో నవ్వు మొదలైంది. క్యాంపువాళ్ళు, ముప్పై ఎనిమిదిమంది, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. రాజన్న వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు, ఆగిపోయింది. మొదటి పాదానికి ప్రవల్లిక గుమ్మం దాటింది. మూడో పాదం దగ్గర ఎడ్విన్ నా పక్కన ఉంటే ఆయన చెయ్యి విరిచేసేదాన్ని. ఆయన అవతల పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు కాబట్టి పాట పుస్తకం అట్ట విరిచాను. నువ్వు పై స్వరం అందుకున్నావు. నాన్న అందుకున్నట్టే, నిండుగా. ఒక్కరూ నవ్వలేదు. రాజన్న తల దించుకుని కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

అక్కడితో అయిపోయుంటే బావుండేది. కానీ నడవా పొడుగు, పాట రెండోసారి ఎత్తుకున్నావు. పిల్ల పీఠం దగ్గరికి వచ్చింది, మీ బావ దాని చెయ్యి అల్లుడి చేతిలో పెట్టి పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు నాకు ఏమైందో తెలియదు. ఏడవనని నువ్వు రాసింది నేనూ నమ్మాను. గట్టిగా, నలుగురికీ వినపడేలా ఏడ్చాను. పాస్టరుగారు బైబిలు మూసి చూస్తున్నారు. ఆపుదామంటే ఆగదే.

సరిగ్గా అప్పుడు నీ మూడో పాదం వచ్చింది, స్వరం జారింది. దూడ అరిచినట్టు.

ఎవరో కిసుక్కుమన్నారు, అది నేనే. నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పెళ్ళికూతురు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. ఇక క్యాంపువాళ్ళని ఎవరు ఆపుతారు? పాస్టరుగారి భుజాలు కదలడం అందరూ చూశారు. మా ఖతర్ తెలుగు సంఘంలో ఇంత నవ్వుతూ జరిగిన పెళ్ళి లేదని అందరూ అంటున్నారు. మర్నాడు నువ్వు క్యాంపు మెస్‌లో పెయింటు డబ్బా మీద రాజన్న దరువుకి వాయించిన సంగతి అయితే మా ఎండీగారి దాకా వెళ్ళింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ రెండోసారి జారింది, పదికి ఒకటి జారేదా? ఇంట్లో రెండు పార్టీలు అయ్యాయి. మీ బావ పొరపాటు అంటున్నాడు. రాజన్న కాదంటున్నాడు. విమానాశ్రయంలో అడుగుదామనుకున్నాను, నోరు రాలేదు. ఒకవేళ పొరపాటే అయితే, నువ్వు మళ్ళీ తలుపు వేసుకుని ఇరవైసార్లు వాయించుకుంటూ ఉంటావేమో అని నాకు నిద్ర పట్టడం లేదు. రాతపూర్వకంగా జవాబు కావాలి.

అక్క

*

హైదరాబాదు
16 ఫిబ్రవరి

అక్కా,

రాతపూర్వకంగా రాస్తున్నాను, ముద్ర వేసుకో. కావాలనే వేశాను.

మొదటిసారి పై స్వరం నిలబడ్డాక ఇక భయం పోయింది. రెండోసారి కూడా వచ్చేది, నాకు తెలుసు, వేలు అక్కడే సిద్ధంగా ఉంది. కళ్ళు మూసుకున్నా నీ ఏడుపు నాకు తెలియదా, ముక్కు చీదే చప్పుడుతో సహా తెలుసు. నువ్వు అలా ఏడుస్తుంటే ఆ మూడో పాదాన్ని నాన్న సరిగ్గా వాయించేవాడు కాదు. నేను కూడా వాయించలేకపోయాను.

తలుపు వేసుకుని వాయించడం మానేశాను. కిటికీ తీసి వాయిస్తున్నాను, రెండు రకాలుగానూ. కింద కూరగాయల బండి ఆయన, ఈరోజు ఏది సార్ అని అడుగుతున్నాడు. రేపు పధ్నాలుగువందలవ ఎపిసోడు, పాపారావు ట్రంకుపెట్టెతో మళ్ళీ మేడమెట్లు ఎక్కుతాడు. రాజన్నగారికి ముందే చెప్పు, లేకపోతే మంచం వేరేవాళ్ళకి ఇవ్వకుండా అట్టే ఉంచుతారు.

ఇన్నేళ్ళూ ఆ తప్పు స్క్రిప్టులో రాసి ఉంటేనే వేశాను. ఎవరూ చెప్పకుండా, జీతం లేకుండా, కావాలని వేసినది పెళ్ళిలోదొక్కటే. లక్షలమంది నవ్వుతారని ఛానల్ వాళ్ళు లెక్కలు చూపిస్తారు. అందులో నీ నవ్వు లేదని నేను ప్రతి షాట్ తర్వాతా అనుకునేవాణ్ణి.

ఆ శుక్రవారం చర్చిలో విన్నాను.

నీ తమ్ముడు
సాలమన్